చంద్రగిరి రాజమహలు – దూలము లేని మేడ

చిన్ననాట మా పెద్దలతో తిరుపతికి పోవునపుడు గుడియాత్తములో రైలెక్కి కాట్పాడిలో బండి మారెడివారము. చిత్తూరు దాటి, పాకాల దాటి, చంద్రగిరి స్టేషను వచ్చుసరికి మా అవ్వ మూటలు దగ్గరకు లాగుకొని, “చంద్రగిరి వచ్చేసింది, లేవండిరా” అనెడిది. మాకు చంద్రగిరి యనగా తిరుపతికి ముందు వచ్చు స్టేషను, అంతియే. అక్కడ దిగి చూడవలసినది యొకటి కలదని అరువది యేండ్లు దాటువరకు నాకు తోచలేదు. మన గుడియాత్తము తెలుగు కుటుంబములలో పలువురి సంగతియు ఇదియే యని తలంతును.

నేను చరిత్ర పండితుడను కాను. పాఠశాల చదువుతో సరిపెట్టుకొని, ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా దస్త్రములు కట్టి, విప్పి, విశ్రాంతి పొందినవాడను. ఒక కాగితము చేతికి వచ్చినంతనే దీనిని ఎవరు వ్రాసిరి, ఎవరు చేవ్రాలు చేసిరి, పై యధికారి ఆమోదము కలదా యని చూచుట మాత్రము నాకు అలవాటు. ఆ యలవాటే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది.

కొంతకాలము క్రిందట వేసవి సెలవులలో మా మనుమని వెంటబెట్టుకొని చంద్రగిరిలో దిగితిని. వానికి పండ్రెండేండ్లు. ఇంట తెలుగు మాటలాడును. బడిలో తమిళము, ఇంగ్లీషు చదువును. రాజమహలు ముందర నిలిపిన పలకమీది ఇంగ్లీషు పాఠమును గడగడ చదివి, తెలుగు పాఠమును వ్రేలితో చూపి, “ఇదేం రాసిండారు తాతా?” అని యడిగెను. “పైన ఉండేదే, మన భాషలో రాసిండారు” అంటిని. వాడు క్షణము నా ముఖము చూచి, “నీకు వస్తుంది గదా, మరి నాన్నకెందుకు రాదు?” అనెను. ఆ ప్రశ్నకు నాడు నేను ప్రత్యుత్తర మీయలేదు. ముందు మేడ చూతము రమ్మని లోపలికి తీసికొని పోయితిని. పాఠకులును ముందుగా నా వెంట మేడ చూడవలెనని ప్రార్థించుచున్నాను.

కోట, దాని పూర్వ చరిత్ర

చంద్రగిరి తిరుపతికి నైరృతి దిశను, స్వర్ణముఖీ నది దాపున నున్న చిన్న యూరు. ఊరికి ప్రక్కనే సుమారు ఆరువందల అడుగుల యెత్తున రాతికొండ కలదు. ఆ కొండమీదను, దాని దక్షిణపు పాదమునను కోట కట్టబడినది. క్రీస్తుశకము 1000 ప్రాంతమున ఇమ్మడి నరసింగ యాదవరాయడు దీనిని కట్టించెనని స్థలవృత్తాంతము. కోటలోపల శైవ, వైష్ణవాలయములు ఎనిమిది శిథిలములై యున్నవి. రాజమహలు, రాణీమహలు అను రెండు మేడలు మాత్రము నేటికిని నిలిచి యున్నవి.

విజయనగర చరిత్రలో చంద్రగిరి పేరు మూడుమార్లు ప్రముఖముగా వినవచ్చును. మొదటిది, సాళువ నరసింహుని కాలము. అతడు చంద్రగిరి ప్రాంతమునకు పాలకుడుగా నుండి, బలము పెంచుకొని, 1485లో విజయనగర సింహాసనము నధిష్ఠించెను. రెండవది, అచ్యుతదేవరాయల వృత్తాంతము. శ్రీకృష్ణదేవరాయలు తన తమ్ముడైన యతనిని ఈ కోటలోనే నిర్బంధములో నుంచెను. రాయల అనంతరము 1529లో అతడు ఇచ్చటి నుండి వెలువడి తిరుపతియందును, కాళహస్తియందును పట్టాభిషేకము జరిపించుకొని రాజధానికి పోయెను. ఒక్క కోట ఒకనికి సింహాసనపు మెట్టు, మరియొకనికి బందిఖానా. పిదప బందిఖానాయే సింహాసనపు మెట్టు! మూడవది, చంద్రగిరి తానే రాజధాని యగుట.

1565లో తళ్ళికోట యుద్ధము పిమ్మట విజయనగరము పాడయ్యెను. ఆరవీటి తిరుమలరాయలు రాజ్యమును పెనుగొండకు మార్చెను. అతని కుమారుడు వేంకటపతిరాయలు 1586లో సింహాసన మెక్కి, 1592 ప్రాంతమున రాజధానిని చంద్రగిరికి తెచ్చెను. ఉత్తరమునుండి గోలకొండ, బిజాపురము సైన్యములు త్రోసికొని వచ్చుచుండగా, కొండల చాటునను, వేంకటేశ్వరుని పాదముల చెంతను రాజ్యము నిలుపుకొనుట ఆయన యుద్దేశమై యుండును. చంద్రగిరికి సమీపముననే శ్రీవారి మెట్టు దారి కలదు. కృష్ణదేవరాయలు ఆ దారినే తిరుమల కేగెడివాడని జనులు చెప్పుకొందురు.

వేంకటపతిరాయలు ఇరువదియెనిమిదేండ్లు పాలించెను. 1598లో శాంతోము నుండి జెసూటు మతగురువులు చంద్రగిరి కొలువునకు వచ్చిరి. వారు తమ పెద్దలకు వ్రాసిన లేఖలవలన నాటి రాజసభను గూర్చి మనకు కొంత తెలియుచున్నది. 1610లో డచ్చివారు పులికాటులో నిలుచుటకు అనుమతి పొందినదియు ఈ రాయల వలననే.

రాజమహలు నిర్మాణము

ఇక మేడను చూతము. రాజమహలు దక్షిణాభిముఖము. పొడవు సుమారు నూటయేబది యడుగులు. మూడంతస్తులు. దూరమునుండి చూచువారికి ముందుగా కనుపించునవి వరుసవరుసలుగా తీర్చిన కమానులు. తరువాత కప్పుమీది శిఖరములు. ఆ శిఖరములు దేవాలయ విమానములవలె మెట్టుమెట్టుగా కురుచయగుచు పైకి పోవును. నడిమిది పెద్దది, మిగిలినవి చిన్నవి. కమానులను చూచినచో బిజాపురము, గోలకొండ గుర్తువచ్చును. శిఖరములను చూచినచో తిరుపతి, కాళహస్తి గుర్తువచ్చును. విజయనగరపు రాజగృహములలో ఈ రెండు పద్ధతులు కలియుట కొత్త కాదు. హంపీలోని పద్మమహలు నందును ఇట్లే యున్నది. యుద్ధరంగములో శత్రువులైనవారి శిల్పవిద్యను ఇంటి వాకిట నిలుపుకొనుటకు మన రాజులు సంకోచింపలేదు.

క్రింది యంతస్తులో లావైన స్తంభములు, వానిమీద కమానులు, ఆ కమానులమీద గుల్లగా వంచిన కప్పులు. ఎండకాలమున లోపల కాలు మోపినంతనే చల్లదనము తగులును. మెట్లెక్కి పైకి పోయినచో నడుమ సభాశాల కలదు. అది రెండంతస్తుల యెత్తు లేచి, చుట్టును పైనుండి చూచుటకు అనువుగా నడవలు కలిగి యున్నది. కమానుల చుట్టును గచ్చుతో తీర్చిన లతలు, పూవులు అక్కడక్కడ నేటికిని చెదరక యున్నవి.

అయితే యీ మేడ ముఖ్య విశేషము కంటికి కనబడునది కాదు, కనబడనిది. ఇందులో కలప లేదు. రాయి, ఇటుక, సున్నము – ఈ మూడింటితోనే మూడంతస్తులు లేపిరి. దూలము లేదు, వాసము లేదు. అంతస్తునకు అంతస్తునకు నడుమ బరువునంతయు కమానులే మోసి గోడలకును స్తంభములకును అప్పగించుచున్నవి. 1883లో మదరాసు ప్రభుత్వపు శిల్పియైన రాబర్టు చిజోము దొర ఈ మేడను గూర్చి ప్రత్యేకముగా నొక వ్యాసము వ్రాసెను. చెన్నపట్నములో సెనేటు భవనము కట్టిన శిల్పి యాయనయే. అంతటివాడు ఈ పల్లెటూరి మేడకు పుటలు కేటాయించెననగా దీని పనితనము సామాన్యము కాదు.

కలప వాడకుండుట యెంత దూరదృష్టియో తెలియవలెనన్న హంపీకి పోవలెను. అక్కడ రాజుల నివాసములున్న చోట నేడు మిగిలినవి రాతి పునాదులు, అరుగులు మాత్రమే. రాయల సభామండపమున్న తావున వరుసలుగా స్తంభముల గుంతలు కనబడును. ఆ గుంతలలో నిలిచిన కొయ్యస్తంభములు లేవు. పైనున్న కొయ్యకట్టడమంతయు 1565 నాటి విధ్వంసములో కాలి బూడిద యయ్యెను. అదే హంపీలో ఇటుకతో, సున్నముతో కమానులు తిప్పి కట్టిన పద్మమహలు, ఏనుగుసాల నిలిచినవి. చంద్రగిరి రాజమహలు నేటి రూపము ఆరవీటివారి కాలమునకు చెందినదని చరిత్రజ్ఞులు తలంతురు. అది నిజమైనచో, కాలిపోయిన రాజధానిని చూచిన తరమువారే దీనిని కట్టి యుందురు. వారు ఆ పాఠము మరువలేదని నాకు తోచుచున్నది.

సున్నపు పనిని గూర్చి మన గుడియాత్తము వారికి వేరుగా చెప్పనక్కర లేదు. మన పాతయిండ్లు కట్టిన కాలమున సున్నమును ఇసుకతో కలిపి, ఎద్దులు త్రిప్పు గానుగలో దినముల తరబడి నూరి, కరక్కాయ, బెల్లము నానిన నీరు చేర్చి గచ్చు చేసెడివారు. ఆ గచ్చు ఏండ్లు గడచినకొలది రాయివలె గట్టిపడును. కాని మన యిండ్లలో గోడ సున్నముదైనను, మిద్దె దూలములమీదిది. మా తాతగారు కట్టించిన యింటికి మద్రాసు టెర్రసు కప్పు. దూలములమీద వాసములు పరచి, వానిమీద ఇటుకలు నిలువుగా పేర్చి, గచ్చు పోసిన మిద్దె అది. గోడలు చెక్కు చెదరలేదు; దూలములకు మాత్రము చెదలు పట్టెను. పైకి రంగు వేసియుండుటచేత మాకు తెలియలేదు. ఒకనాడు మా తండ్రిగారు మేకు కొట్టబోగా అది పిండిలో దిగినట్లు దిగిపోయెను. ఆ యేడే మిద్దె విప్పించితిమి. రాజమహలు సభాశాలలో నిలిచి పైకి చూచినపుడు నాకు మొదట గుర్తునకు వచ్చినది ఆ మేకు.

రాజమహలునకు కొంత దూరమున రాణీమహలు కలదు. ఇది చిన్నది, రెండంతస్తులది. పేరు రాణిది యైనను, క్రింది యంతస్తు తీరు చూచి యిది గుఱ్ఱపుసాలయో, సేనాధిపతి విడిదియో యై యుండునని యూహించువారు కలరు. దగ్గరలో మెట్లబావి యున్నది. ఇండ్లకు పేర్లు కట్టినవారికంటె తరువాత వచ్చినవారే ఎక్కువగా పెట్టుదురు.

చంద్రగిరి నుండి వేలూరికి

ఈ మేడ కథలో మన వేలూరు భాగము చిన్నది కాదు. నాడు వేలూరును ఏలినవారు విజయనగర సామంతులైన నాయకులు. వేలూరు కోటయు, అందలి జలకంఠేశ్వరాలయమును చిన బొమ్మినాయకుని పేరుతో ముడిపడి యున్నవి. అతని కుమారుడు లింగమనాయకుడు. 1601లో లింగమనాయకుని ప్రార్థనపై వేంకటపతిరాయలు విలాపాక యను గ్రామమును దానము చేసెను. ఈ గ్రామము ఆర్కాటు సీమలోనిదే. ఆ తామ్రశాసనము సంస్కృతములో, నందినాగర లిపిలో నున్నది. కడపట “శ్రీవేంకటేశ” అను రాజముద్ర చేవ్రాలు కలదు. ఆరవీటి రాజులు తమ పేరు వ్రాయక దేవుని పేరే చేవ్రాలుగా వ్రాసెడివారు.

ఆ శాసనము పుట్టిన మూడేండ్లకే, 1604 ప్రాంతమున, లింగమనాయకుడు తిరుగుబాటు చేయగా రాయలు వేలూరు కోటను పట్టుకొనెను. పిదప రాజసభ చంద్రగిరినుండి వేలూరికి మారెను. ఆ తరువాత చంద్రగిరి, వేలూరు రెండును రాజస్థానములుగా నుండెను.

1614లో వేంకటపతిరాయలు దివంగతుడైనపుడు వేలూరు కోటలో ఘోరము జరిగెను. రాయలు తన యన్నకొడుకైన శ్రీరంగరాయలను వారసునిగా నిర్ణయించెను. రాణి తోబుట్టువగు గొబ్బూరి జగ్గరాజు దాని కొడంబడక, శ్రీరంగరాయలను సకుటుంబముగా చెరబట్టి, తుదకు చంపించెను. వెలుగోటి యాచమనాయకుడు ఒక్కడే రాజవంశమునకు అండగా నిలిచెను. చెరలోనికి బట్టలు తెచ్చి పోవు చాకలి ద్వారమున, రెండవ కుమారుడగు రామదేవుని బట్టల మూటలో దాచి అతడు వెలికి తెప్పించెను. ఈ సంగతి 1616లో బర్రదాసు అను పోర్చుగీసు మతగురువు వ్రాసిన లేఖలో నున్నది. ఆ బాలుని పక్షమున యాచమనాయకుడును, తంజావూరి రఘునాథనాయకుడును తోపూరు యుద్ధములో గెలిచిరి. రామదేవరాయలు 1632 వరకు పాలించెను. సేనాపతుల పేర్లు చరిత్రలో నిలిచినవి. వంశమును మూటలో మోసి తెచ్చిన యా చాకలి పేరు నిలువలేదు.

చెన్నపట్నపు కాగితము

చంద్రగిరికి పోయినవారికి తప్పక వినవచ్చు కథ యొకటి కలదు. ఇంగ్లీషువారికి చెన్నపట్నపు నేలను ఇచ్చిన కాగితముపై ఈ రాజమహలులోనే, పై యంతస్తులోనే చేవ్రాలు జరిగినదని చెప్పుదురు. గుమాస్తా నైన నాకు ఇట్టి మాట విన్నంతనే కాగితము చూడవలెననిపించును.

జరిగినది ఇది. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిసు డే కోరమండల తీరమున స్థలము వెదకుచు వచ్చెను. ఆ తీరము దామెర్ల వేంకటాద్రినాయకుని యేలుబడిలో నుండెను. నాయకుడు కోట కట్టుకొనుటకును, వ్యాపారము చేసికొనుటకును కంపెనీకి కవులు వ్రాసి యిచ్చెను. ఆగస్టు 22వ తేదీని నేడు చెన్నపట్నపు పుట్టినదినముగా జరుపుకొనుచున్నారు. నాయకుని తండ్రి చెన్నప్ప పేరుననే ఆ యూరికి చెన్నపట్నమని పేరు వచ్చెను. అప్పటికి రాజు పెద వేంకటరాయలు. ఆయన బంగారు రేకుపై వేరుగా దానపత్ర మిచ్చెననియు, 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నమును పట్టినపుడు అది పోయెననియు ఒక వాడుక కలదు.

ఇప్పుడు దస్త్రము తిరుగవేయుదము. చేతికి దొరకు మొదటి కాగితము రాజుది కాదు, నాయకునిది. అనగా స్థానికాధికారి యుత్తరువు. బంగారు రేకు కంటికి కనబడునది కాదు. కాని 1645లో శ్రీరంగరాయలు కంపెనీకి ఇచ్చిన కవులు కలదు. హెన్రీ గ్రీన్‌హిల్ అను ఉద్యోగి రాయల దర్శనమునకు వచ్చి దానిని పొందెను. అందులో ఆ క్రొత్త యూరికి రాయల పేరిట శ్రీరంగరాయపట్నమని పేరు. అది వ్రాయబడినది రాయవేలూరు నుండి, అనగా మన వేలూరు నుండి!

కావున నా నిర్ణయము ఇది. చెన్నపట్నపు చేవ్రాలు రాజమహలు మేడమీద జరిగినదని కాగితము చెప్పదు. తీరమునేలిన నాయకుడు ఇచ్చెను. ఆరేండ్లకు పై యధికారి వేలూరి నుండి ఖాయపరచెను. అయినను ఆ తెలుగు నాయకుడు ఏ రాజ్యమునకు లోబడి ఆ నేల నేలెనో, ఆ రాజ్యమునకు చంద్రగిరియే పీఠము. కథలో స్థలము తప్పినది, సంబంధము తప్పలేదు. ఒక మహానగరపు పుట్టుకకు వేలూరు, చంద్రగిరి రెండును సాక్షులని మన పిల్లలకు చెప్పుటలో అసత్యము లేదు.

యజమాని పోయిన యిల్లు

చెన్నపట్నము పెరిగెను, చంద్రగిరి తరిగెను. 1646లో గోలకొండవారు చంద్రగిరిని పట్టుకొనిరి. ఒక శతాబ్దము పిమ్మట ఆర్కాటు నవాబుల చేతికి వచ్చెను. 1758లో నవాబు సోదరుడు అబ్దుల్ వహాబ్‌ఖాను ఈ కోటలో నుండి, తిరుపతికి రక్షకుడనని చెప్పుకొనెను. 1782లో హైదరాలీకి కోట లొంగెను. 1792లో శ్రీరంగపట్టణపు సంధివరకు మైసూరువారి క్రింద నుండి, తుదకు కంపెనీవారి పాలనలోనికి వచ్చెను. నూటయేబదియేండ్లలో ఇంతమంది యజమానులు మారిరి. ఎవరును దీనిని తమ తాతలయిల్లని తలంచినవారు కారు. అయినను మేడ కూలలేదు.

యజమాని పోయిన పెద్ద యిండ్ల గతి దేశమంతట ఒక్కటే. ఈ మధ్య ఒక పత్రికలో జర్మనీ దేశపు పల్లెలలోని దొరల యిండ్లను గూర్చి చదివితిని. చుట్టును వందల ఎకరముల సేద్యము, ధాన్యపు కొట్లు, పశువులసాలలు, నడుమ దొరగారి మేడ – మన జమీందారీ గ్రామమువలెనే యుండును. 1945లో ఆ దేశపు తూర్పు భాగము రష్యావారి యధీనమైనపుడు, నూరు హెక్టారులకు మించిన భూస్వాముల నేలలన్నియు పరిహారము లేకయే తీసికొని పంచిరి. మేడలలో కొన్ని పడగొట్టబడెను. కొన్ని శరణార్థులకు ఆశ్రయమయ్యెను. కొన్ని బడులుగా, పంచాయతీ కచేరీలుగా మారెను. వానిలో నిలిచినవి యేవన, ఎవరో యొకరు లోపల నుండి, కారుచున్న కప్పును నాటికి నాడు బాగుచేయించినవే. 1990లో దేశము మరల ఏకమైన పిమ్మట కొన్నింటిని కొనినవారు పునరుద్ధరించిరి.

మనదేశమునను 1948 నాటి మదరాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయెను. రైతునకు న్యాయము జరిగినది. అందుకు చింతింపవలసిన పని లేదు. కాని కప్పుకు సున్నము వేయించు దిక్కులేక జమీందారుల మేడలెన్నో వానలకు కూలినవి. చంద్రగిరి మహలు వానివలె గాక, కట్టినవారి జాగ్రత్తచేత సగమును, తరువాత రక్షించినవారి జాగ్రత్తచేత సగమును బ్రదికినది. నేడు ఇది భారత పురావస్తు శాఖవారి రక్షణలో నున్నది. లోపల వస్తుప్రదర్శనశాల కలదు. గుడిమల్లము, గండికోట, యాగంటి మొదలగు రాయలసీమ స్థలములనుండి తెచ్చిన శిల్పములు, లోహవిగ్రహములు అందు చూడవచ్చును. రాజు కూర్చున్న శాలలో నేడు బడిపిల్లలు తిరుగుచున్నారు. ఇల్లు నిలుచుటకు యజమాని కావలయునని లేదు, పట్టించుకొనువాడు కావలయును.

గీతకు ఇవతల మనము

మా తాతగారి బాల్యమున గుడియాత్తము తాలూకా, చంద్రగిరి తాలూకా రెండును ఒక్క ఉత్తరార్కాటు జిల్లాలోనివే. జిల్లా కచేరీ చిత్తూరులో నుండెను. 1911 ఏప్రిలు 1వ తేదీని చిత్తూరు జిల్లా వేరుపడెను. ఉత్తరార్కాటు కచేరీ వేలూరికి వచ్చెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆ జిల్లా గీత రాష్ట్రపు గీత యయ్యెను. 1960లో తిరుత్తణి మొదలగు కొన్ని గ్రామములు అటునుండి ఇటు వచ్చెను. 2022లో చంద్రగిరి క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరెను. కౌండిన్య నది మాత్రము ఈ గీతల నెరుగదు. పలమనేరు వైపు కొండలలో కురిసిన వాన నేటికిని మన గుడియాత్తము నడుమగనే పారును.

గీతకు ఇవతల మనకు లోటేమియు లేదు. ఈ యూరు మనకు అన్నము పెట్టినది. తమిళులు మనలను ఇరుగుపొరుగుగా, చుట్టములుగా చూచిరి. మన పిల్లలు తమిళము చక్కగా చదువుట మనకు గౌరవమే. కాని మా మనుమని ప్రశ్న నన్ను విడువలేదు. నాన్నకెందుకు రాదు? నిజమైన యుత్తరము ఒక్కటే: నేను నేర్పలేదు. పగలంతయు కచేరీలో అన్యుల దస్త్రములు సరిచేసి, రాత్రి ఇంటికి వచ్చి అలసితి ననుకొంటిని. ఇంట మాటలాడుచున్నాము గదా, భాష ఎక్కడికి పోవునని తలంచితిని. గోడలు గట్టిగా నున్నవి గదా, మిద్దె కేమని మా తండ్రిగారు తలంచినట్లే.

మా తాతగారి జాబులు, లెక్కలు, పెండ్లి పత్రికలు ఒక రేకు పెట్టెలో నున్నవి. అన్నియు తెలుగులో వ్రాసినవే. మిద్దె విప్పించిన నాడు గోడగూటిలోనుండి తీసి దాచితిని. ఈ యింట వానిని చదువగలవాడను నేనొక్కడనే. నా తరువాత అవి కాగితములు మాత్రమే. నోటిమాట యొక్కటే ఆధారముగా నిలిచిన భాష దూలములమీది మిద్దెవంటిది. పైకి అందముగనే యుండును. లోపల చెదలు పట్టినది మేకు కొట్టునంతవరకు తెలియదు. అక్షరము కమానువంటిది, బరువు దించుకొనుటకు దానికి కలపతో పని లేదు. నాలుగువందల యేండ్ల క్రిందటి విలాపాక శాసనపు చేవ్రాలును నేడు మనము చదువగలుగుచున్నామన్న అక్షరము వలననే గదా.

చంద్రగిరి నుండి వచ్చిన వారముననే నోటుపుస్తక మొకటి కొంటిని. ఆదివారము ఉదయము గంటసేపు మనుమడు నా దగ్గర కూర్చుండును. గుణింతములు ముగిసినవి, ఒత్తులు సాగుచున్నవి. తమిళములో ఒత్తులు లేవు గదా, తెలుగులో ఎందుకని వాడు తగవు పెట్టుకొనును. మొన్న వాని తండ్రియు పనిలేనట్లు వచ్చి ప్రక్కన కూర్చుండి, పుస్తకము వైపు చూచుచుండెను. నేనేమియు అనలేదు. రెండవ నోటుపుస్తకము తెచ్చి బల్లమీద పెట్టితిని.

మన సంఘము పెద్దలకు నా మనవి యొక్కటే. తిరుపతికి పోవునపుడు ఒక్కమారు చంద్రగిరిలో దిగుడు. పిల్లలను వెంటబెట్టుకొని పొండు. దూలము లేని మేడ ఎట్లు నిలిచినదో వారికి చూపుడు. తరువాత పలక దగ్గర నిలిపి, తెలుగు పాఠమును వారిచేత చదివింపుడు. చదువలేకపోయిరా, తప్పు వారిది కాదని యెరిగి ఇంటికి రండు.